నాలుగో వరుస

మొదటి ఫోను పెనుకొండ నుంచి వచ్చింది. హోటలు నడిపే మనిషి. "ఏం మేడం, మీ సోలారుకు భోజనానికి లీవు ఇచ్చినారా? ఎండ మాడు పగలగొడ్తాంటే కరెంటు లేదు. సరిగ్గా నా హోటల్లో జనం కూచునే టైముకు!" అన్నాడు. నేను నవ్వి, ఎక్కడో వైరు వదులై ఉంటుంది, మనిషిని పంపిస్తానన్నాను. అరగంటలో కల్యాణదుర్గం నుంచి ఇంకొకటి వచ్చింది. తర్వాత మడకశిర నుంచి రెండు. సాయంత్రానికి నా నవ్వు పోయింది.

అందరూ చెప్పింది ఒకటే. మధ్యాహ్నం పన్నెండూ ఏడుకు ఇన్వర్టరు ఆగిపోతుంది. ఎర్రలైటు వెలగదు, ఏ తప్పూ చూపించదు. స్విచ్చు దించి మళ్లీ వేసినా కదలదు. ఇంటి కరెంటంతా దాని గుండానే పోవాలి కాబట్టి లైను కరెంటు కూడా లోపలికి రాదు. ఒంటిగంట దాటాక దానంతట అదే, ఏమీ జరగనట్టు మళ్లీ పని మొదలుపెడుతుంది.

మిట్టమధ్యాహ్నం వాకిట్లో తిరగొద్దు, గాలి సోకుతుంది అని చిన్నప్పుడు మా జేజి, నాయన వాళ్లమ్మ, అరిచేది. సోలార్ ఇంజనీరునయ్యాక ఆ మాట తలుచుకుని చాలాసార్లు నవ్వుకున్నాను. మా బతుకుతెరువంతా ఆ మిట్టమధ్యాహ్నం మీదే కదా. ఆ వారం మాత్రం పన్నెండు కొట్టగానే ఫోను ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని.

అనంతపురం ఊరి బయట మా ల్యాబు అంటే మూడు గదులు, మిద్దె నిండా సోలార్ పలకలు, దాన్ని నడిపే ఖలీల్ సార్, నేను, ఇంకో నలుగురు. మేము చేసింది బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రతి పలక వెనక అగ్గిపెట్టెంత పరికరం పెట్టాం. ఏ పలక మీద ఎప్పుడు ఎంత ఎండ, ఎంత నీడ పడిందో, స్విచ్చు దించి ఉన్నా సరే, అది ఇన్వర్టరుకు చెబుతుంది. ఇన్వర్టరు ఆ ఇంటిని గమనిస్తూ ఉంటుంది. మిక్సీ ఎప్పుడు వేస్తారు, మోటారు ఎప్పుడు ఆడుతుంది, ముసలాయన ఫ్యాను ఎన్నింటికి తగ్గిస్తాడు, అన్నీ నేర్చుకుని, అడగకముందే ఆ వేళకు కరెంటు సిద్ధంగా పక్కన పెడుతుంది, దానికి కలిపిన లైట్లు, కూలర్లు తనే వేసి ఆపుతుంది. నెలకోసారి, ఇరవయ్యో తేదీన, ఒక ఇన్వర్టరు పెట్టె నెల రోజులకు మించి నిలబెట్టుకున్న పాఠం మిగతా పెట్టెలన్నిటికీ చేరుతుంది. 'ఒక ఇంటి తెలివి, అన్ని ఇళ్ల వెలుగు' అని కరపత్రాల్లో వేయించింది నేనే. ఆ వాక్యానికి అప్పట్లో నేను చాలా మురిసిపోయాను.

మూడో రోజు ఖలీల్ సార్ నన్ను తెర ముందుకు పిలిచారు. రెండు వందల పన్నెండు ఇళ్లు. అన్ని ఇళ్లలోనూ పన్నెండూ ఏడుకు గీత నిలువునా కిందికి పడిపోయింది.

"ఇది చెడిపోవడం కాదు వాణీ," అన్నారు ఆయన. "ఇది నేర్చుకున్న పని. ఒక పెట్టె నేర్చుకుంది, ఇరవయ్యో తేదీన అన్నిటికీ చెప్పింది. ఇంత గట్టిగా నమ్మిన పాఠం నేనింతవరకూ చూడలే. మొదట నేర్చుకున్న పెట్టె ఏదో చూడు."

చూడాల్సిన పని లేకపోయింది. పన్నెండూ ఏడు అనగానే నాకు మొదటి రోజే తెలిసి ఉండాలి. తెలిసీ తెలియనట్టు మూడు రోజులు గడిపానేమో కూడా. ఆ పెట్టె నంబరు ఒకటి. మేము మొట్టమొదట బిగించినది. హిందూపురం దగ్గర సానిగుంటలో, మా అన్న అశ్వత్థప్ప ఇంట్లో ఉంది.

నలభై తొమ్మిది రోజుల కిందట మా వదిన గంగరత్న ఆ ఇంటి మిద్దె మీద నుంచి పడి చనిపోయింది. సోలార్ పలకలు తుడుస్తూ జారిందన్నారు.

"పెనుకొండలో ఒక పెద్దాయన ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నాడు," అన్నారు ఖలీల్ సార్. "నిన్న కొడుకు ఇంట్లో ఉండబట్టి సిలిండరు తెచ్చి పెట్టినాడు. అందరికీ ఫోన్లు చేసి చెప్తాను, అన్నిచోట్లా వేరే ఏర్పాటు చేయిస్తాను. కానీ రేపు మధ్యాహ్నం లోపల ఆ ఒకటో పెట్టెను తుడిచెయ్. మొదలు తుడిస్తే కొనలు తుడవొచ్చు."

"పన్నెండూ ఏడు ఒక్కటీ తీసేయలేమా సార్?"

"నువ్వు చేసిన పెట్టెనే కదమ్మా. అది రాసిన రాత కాదు, పడిన అలవాటు. అందులోంచి ఒక్క పోగు లాగలేం."

అంటే వదిన ఆ ఇంట్లో ఏడాదిపాటు పెట్టిన అలవాట్లన్నీ పోవాలి.

మర్నాడు పదకొండున్నరకు సానిగుంటలో దిగాను. మా అన్న పట్టుపురుగులు మేపుతాడు. ఇంటి వెనక పొడుగాటి షెడ్డు, లోపల అంతస్తులుగా తట్టలు, రెండు పెద్ద కూలర్లు. పురుగు నాలుగోసారి చర్మం విడిచి లేవడాన్ని మా వైపు నాలుగో జ్వరం అంటారు. ఆ జ్వరం నుంచి లేచి రెండు రోజులైంది. షెడ్డు నిండా ఆకు నమిలే చప్పుడు, సన్నగా వాన పడుతున్నట్టు. ఈ వారం రోజులే వాటికి ప్రాణం. షెడ్డులో వేడి ముప్పై దాటి నిలిచిందంటే తినడం మానేస్తాయి. తర్వాత గూడు కట్టవు.

వదిన పోయాక ఇది రెండో పంట. మొదటిది ఊళ్లో ఎవరికీ రానంత బాగా వచ్చిందని విన్నాను. ఎందుకో నాకు తెలుసు. కూలరు ఏ పూట ఎంతసేపు వేయాలో, తేమ ఎక్కువైతే ఎప్పుడు ఆపాలో వదినకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఆమె పోయినా, ఆమె వేసే వేళకే ఇన్వర్టరు కూలర్లు వేస్తోంది, ఆమె ఆపే వేళకే ఆపుతోంది. పొద్దున్నే ఆమె కాఫీ పెట్టుకునే వేళకు వంటింట్లో లైటు దానంతట అదే వెలుగుతుందని అన్న ఫోన్లో ఒకసారి చెప్పాడు. అప్పుడు నేను, మంచిదే కదన్నా అన్నాను.

పన్నెండుకు ఊరి బయటి మిల్లు సైరను మోగింది. అన్న తింటున్న కంచం పక్కన పెట్టి లేచాడు. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి పోయాడు. నేను వెనకే వెళ్లాను. మిద్దెకు ఆనించిన నిచ్చెన దగ్గర నిలబడి, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

పన్నెండూ ఏడుకు కూలర్లు ఆగిపోయాయి. ఎవరూ ఏ స్విచ్చూ ముట్టలేదు. చటుక్కున వచ్చిన ఆ నిశ్శబ్దంలో ఆకు నమిలే చప్పుడొక్కటే మిగిలింది.

"ఏం చేస్తాండావన్నా?"

"నిచ్చెన పట్టుకోవల్ల గదా. జారుతాది."

"పైన ఎవరున్నారని?"

మా అన్న నా వైపు చూడలేదు. ఆ ఎండలో చెమట కళ్లలోకి దిగుతున్నా చేతులు తీయలేదు. నాకు కోపం వచ్చింది, భయం కూడా వేసింది. రెండిట్లో ఏది ముందో చెప్పలేను.

పన్నెండున్నర దాటాక ఒంటిపూట బడి వదిలి యమున వచ్చింది. అన్న కూతురు, నాలుగో తరగతి. బ్యాగు అరుగు మీద పడేసి, ఆగిన ఫ్యాను వైపు, నిచ్చెన వైపు చూసింది.

"అమ్మ ఇంకా దిగలేదా నాయనా?"

"లేదు తల్లీ. నువ్వు పోయి అన్నం తిను."

"నిన్నటికన్నా ఈపొద్దు ఇంకా లేటు," అని, నాతో "ఎప్పుడొస్తివి అత్తా?" అని పలకరించి లోపలికి పోయింది. ఆ మాటల్లో ఏడుపు గానీ వింత గానీ లేదు.

"ఆ పిల్లకు ఏం చెప్పినావన్నా?"

"నేనేం చెప్పలే వాణీ. ఫ్యాను ఆగితే అమ్మ పైనుందని దానికి తెలుసు. ఏడాది నుంచి అంతే గదా."

అది నిజమే. ఆ అలవాటు చేయించింది కూడా నేనే.

కిందటేడు పలకలు బిగించిన రోజు, నేను ఇన్వర్టరు దగ్గర వైర్లు కలుపుకుంటుంటే వదిన మిద్దెక్కి పన్నెండు పలకలకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. వరుసకు మూడు, నాలుగు వరుసలు. కొబ్బరికాయ కూడా కొట్టింది. నేను పైకి వెళ్లి చూసి నెత్తి కొట్టుకున్నాను. పలక మీద వేలెడు మచ్చ పడినా ఆ చోట కరెంటు అడ్డుపడి వేడెక్కుతుందని, కొన్నాళ్లకు కాలిపోతుందని గట్టిగానే అరిచాను. పనివాళ్ల ముందు.

"దండం పెట్టుకోకుండా ఏ వస్తువు ఇంట్లోకొస్తాది వాణీ?" అంది వదిన, మొహం చిన్నబుచ్చుకుని. కాసేపటికి తనే నవ్వింది. "సరేలే, పెట్టింది నేనే గదా, తుడిచేది కూడా నేనే. అద్దం మాదిరి పెడతా చూడు నీ పలకలు."

అన్నంత పనీ చేసింది. పొద్దున, సాయంత్రం చల్లపూట ఆకు కోయాలి, కాబట్టి ఆమెకు దొరికేది మధ్యాహ్నమే. వేడి అద్దం మీద చల్లనీళ్లు పడకూడదంటే, కడవలో ఎండకు పెట్టిన నీళ్లు వాడేది. సైరను మోగాక బకెట్ నింపుకుని, కింద స్విచ్చు పిడి దించి, నిచ్చెన ఎక్కేసరికి పన్నెండూ ఏడు. తుడిచి దిగేసరికి పదకొండు నిమిషాలు. ఒక్కరోజు మానలేదు.

పిడి సంగతి చెప్పింది కూడా నేనే. మా ల్యాబులో అది మొదటి నియమం. "దించిన మనిషే వెయ్యాలి వదినా. నువ్వు పైనుంటే ఎవురూ దాన్ని ముట్టకూడదు. వేసేముందు, పైన ఎవరన్నా ఉన్నారా అని గట్టిగా కేక పెట్టాల," అన్నాను. అన్న ఆ రోజు తోటలో ఉన్నాడు. వదిన చెబుతుందిలే అనుకున్నాను.

ఒంటిగంట దాటినా కూలర్లు లేవలేదు. షెడ్డులో వేడి ముప్పై నాలుగు. అన్న నిచ్చెన వదలలేదు. నేనే తడిపిన గోనెసంచులు కిటికీలకు కట్టాను. కొన్ని పురుగులు ఆకు వదిలి తలలు పైకెత్తి ఊరికే ఉన్నాయి. ఒకటీ ఏడుకు కూలర్లు తిరిగాయి. అన్న చేతులు తీసి, అరచేతులు చూసుకుని, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"దాన్ని తుడిచేయాలన్నా," అన్నాను. "మొదట్లో పదకొండు నిమిషాలు ఆగింది, ఇప్పుడు గంట. రోజుకో నిమిషం పెరుగుతాంది. నీ పంట పోతాది. ఇంకా రెండొందల ఇండ్లకు పాకింది ఇది."

"పంట పోతే పోనీ."

"ఒక ముసలాయన ప్రాణం మీదికొచ్చిందన్నా."

"నువ్వు తుడిచేస్తే యాడికి పోతాది అది?" అన్నాడు. "పొద్దున లైటు ఏస్తాది. పురుగుకు గాలి పెడతాది. మధ్యాహ్నం మిద్దెక్కుతాది. అంతే గదా వాణీ మిగిలింది. ఆ కాస్త కూడా తుడిచేస్తావా?"

షెడ్డులోకి పోయి, ఇన్వర్టరుకు లాప్‌టాప్ తగిలించి, తుడిచేముందు ఒకసారి చూద్దామని వదిన పోయిన రోజు, మార్చి ఐదో తేదీ తెరిచాను. ఇన్నాళ్లూ ఆ రోజు తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు.

పన్నెండూ ఏడు. పిడి దిగింది. మొదటి పలక మీద నీడ. వెంటనే రెండోది, మూడోది. అంకెలే, కానీ నాకు ఆమె చెయ్యి కనబడుతోంది. అటు నుంచి ఇటు ఒక తుడుపు, గుడ్డ పిండడం, మళ్లీ ఒక తుడుపు. రెండో వరుస అయింది. పన్నెండూ పన్నెండుకు మూడో వరుస మొదలైంది. మొదటి పలక, రెండో పలక. మూడో పలక మీద నీడ పడింది. అది మిద్దె అంచుకు దగ్గర, అక్కడ పిట్టగోడ లేదు.

పన్నెండూ పదమూడు. పిడి పైకి లేచింది.

అదే క్షణం ఇనుప చట్రం గుండా కొంచెం కరెంటు భూమి వైపు పోబోయి, దారి సరిగ్గా దొరకక, తడిచేతుల్లోంచి పోయింది. మనిషిని చంపేంత కాదు. ఉలిక్కిపడి అడుగు వెనక్కి వేసేంత. మూడో వరుస మూడో పలక మీద నీడ తొలగిపోయింది. ఆ తర్వాత నాలుగో వరుస మీద ఏ నీడా పడలేదు. దిగేటప్పుడు నిచ్చెన పక్కనున్న మొదటి పలక మీద రోజూ మళ్లీ పడే నీడ, ఆ రోజు పడలేదు.

నేను లాప్‌టాప్ మూయలేదు. కింద వరుసగా ఆ పెట్టె తనకు తాను నేర్చుకున్నది ఉంది. ఆరో తేదీ పన్నెండూ ఏడుకు, పిడి ఎవరూ దించకపోయినా, తనే ఆగింది. నాలుగో వరుస మీద నీడ కోసం చూసింది. రాలేదు. మొదటి పలక మీద నీడ కోసం చూసింది. రాలేదు. పదకొండు నిమిషాలు చూసి లేచింది. ఏడో తేదీ ఇంకో నిమిషం ఎక్కువ చూసింది. ఎనిమిదో తేదీ ఇంకో నిమిషం. అది చెడిపోలేదు. నేను వదినకు చెప్పిన ఒక్క నియమాన్ని పట్టుకుని కూర్చుంది. పైన మనిషి ఉంటే వెయ్యకూడదు. ఆ మనిషి పైకి వెళ్లింది, ఇంకా దిగలేదు.

నా వెనక అన్న నిలబడి ఉన్నాడు.

"కనబడిందా?" అన్నాడు.

"నువ్వేనా అన్నా?"

"ఆ ఏళకు నేనెప్పుడూ తోటలోనే గదా, ఆపొద్దు ముందే ఆకుమోపు తెస్తి. షెడ్డులో కూలరు సద్దు లేదు. పురుగు అప్పుడే జ్వరం నుంచి లేచింది, లోపల ఉడుకుతాంది. ఈమెకేం పుట్టింది, కూలరు ఆపి యాడికి పోయిందబ్బా అని మోపు నెత్తిన ఉండంగానే చెయ్యి పెట్టి పిడి ఏస్తి." గోడకు ఆనుకున్నాడు. "ఒక్క పిలుపు పిలిచినా పలికేది వాణీ. పద్నాలుగేండ్లలో నేను దాన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. యమునా వాళ్ళమ్మా అనో, ఓయ్ అనో. ఆపొద్దు అది కూడా అనలే. వాకిట్లో దబ్బుమని సద్దయ్యింది."

జారిందని ఊరందరికీ చెప్పింది అన్నే. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆ పెట్టె ఒక్కటే రోజూ పన్నెండూ ఏడుకు అడుగుతూ వచ్చింది.

"నా మీద కోపంతోనే ఆపుతాందనుకొంటి," అన్నాడు. "నేను పోయి ఏసినా లేయదు గదా. ఆపుకో, ఎంతసేపైనా ఆపుకో అని నిచ్చెన పట్టుకొని నిలబడతాండా."

అప్పుడు నేను కూడా చెప్పాను. చెప్పకుండా అతని కళ్లలోకి చూడలేకపోయాను. చట్రం నుంచి భూమిలోకి పోయే తీగ ఒక గుంతలో పాతి ఉంటుంది. ఎండాకాలం ఆ గుంతలో నీళ్లు పోయకపోతే మట్టి ఎండిపోయి కరెంటుకు దారి ఉండదు. ఫిబ్రవరిలోనే నా తెర మీద హెచ్చరిక వచ్చింది. వచ్చే నెల పోయినప్పుడు చూద్దాం, మనింటిదే కదా అని నేనే దాని నోరు నొక్కాను. అప్పుడు మాకు పెద్దవాళ్లెవరో ల్యాబు చూడడానికి వస్తున్నారు. తెర మీద ఎర్రచుక్క కనబడకూడదనుకున్నాను.

అన్న నన్ను తిడతాడనుకున్నాను. "నీళ్లు పొయ్యమని నువ్వు చెప్పే పోయినావు గదా," అన్నాడు. "నేనే పొయ్యలే." ఇద్దరం ఆ షెడ్డులో, పురుగుల మధ్య, చాలాసేపు ఏడ్చాం.

ఖలీల్ సార్‌కు ఫోన్ చేసి ఇంకొక్క మధ్యాహ్నం గడువు అడిగాను. ఎందుకో చెప్పాను. "ఆక్సిజన్ పెద్దాయన దగ్గరికి నేనే పోయి కూర్చుంటాలే," అన్నారు ఆయన. "ఒక్కరోజే తల్లీ. అంతకుమించి నా వల్ల కాదు."

మర్నాడు పొద్దున గుంత తవ్వి చూశాను. తీగ బాగానే ఉంది, మట్టి సున్నంలా పొడిపొడిగా ఉంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చాక యమున చెంబుతో నీళ్లు పోసింది. ఎందుకత్తా అని అడిగితే, ఇకమీదట పైకి పోయినవాళ్లకు ఏమీ కాకుండా అన్నాను. ఆ పిల్ల ఇంకో నాలుగు చెంబులు పోసింది. మీటరు పెట్టి రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత మిద్దె అంచున కర్రలు నాటి అడ్డంగా తాడు కట్టించాను. యాభై ఒక్క రోజులు ఆలస్యంగా.

"అన్నా, అది వదినను పట్టుకొని లేదు. వదిన దిగిందని దానికి ఎవరూ చెప్పలేదు. అంతే," అన్నాను.

"ఎట్ల చెప్పేది?"

"నాలుగో వరుస మిగిలిపోయింది."

సైరను మోగింది. అన్న బకెట్ నింపుకున్నాడు. పన్నెండూ ఏడుకు కూలర్లు ఆగాయి. పిడి తనే దించి, నిచ్చెన ఎక్కాడు. ఈసారి నిచ్చెన నేను పట్టుకున్నాను. పక్కన యమున కూడా ఒక చెయ్యి వేసింది. ఆ రోజు బడికి పంపలేదు.

పైన ఏం జరుగుతోందో నాకు కనబడలేదు. అడుగుల చప్పుడు వినబడింది. మూడు వరుసలు దాటి ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. పిలవబోయి ఊరుకున్నాను. తర్వాత అతను చెప్పాడు, ఆమె గుడ్డ మూడో వరుస చట్రానికి తగులుకుని అక్కడే ఉందట, అప్పడంలా ఎండిపోయి, ఆమె పిండిన మడతలు అలాగే ఉన్నాయట. నాలుగో వరుస మీద దుమ్ము కింద ఆమె చివరిసారి తుడిచాక పెట్టిన బొట్లు ఉన్నాయట. నేను ఎంత అరిచినా, ఆ చివరి వరుసకు మాత్రం చాటుగా పెడుతూనే వచ్చిందన్నమాట.

అన్న ఆ గుడ్డనే తడిపి తుడిచాడు. లాప్‌టాప్ అరుగు మీద తెరిచి ఉంచాను. నాలుగో వరుస, మొదటి పలక మీద నీడ. రెండోది. మూడోది. తర్వాత నీడ వెనక్కి నడిచి వచ్చి, నిచ్చెన పక్కన మొదటి పలక మీద పడింది. తొలగింది. అన్న కాలు నేల మీద పెట్టాడు.

నేరుగా పిడి దగ్గరికి పోయి చెయ్యి వేశాడు. వేసి ఆగిపోయాడు. తల ఎత్తి మిద్దె వైపు చూశాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

"గంగరత్నా!" అని పిలిచాడు, వీధి చివరికి వినబడేంత గట్టిగా. "గంగరత్నా, దిగినావా?"

ఎదురింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. అన్న ఎవరినీ చూడలేదు. జవాబు కోసం నిజంగానే ఆగాడు. తర్వాత పిడి పైకి వేశాడు.

ఇన్వర్టరు లేచింది. కూలర్లు తిరిగాయి. ఇంట్లో ఫ్యాను కిర్రుమంది. పన్నెండూ పంతొమ్మిది అయింది.

యమున ఫ్యాను వైపు చూసింది, నిచ్చెన వైపు చూసింది. "దిగిందా?" అంది. నేను అవునన్నాను. తల్లి పోయిన నాడు గానీ, పదకొండో నాడు గానీ ఆ పిల్ల ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. అన్న ఆ పిల్లను ఎత్తుకుని అరుగు మీద కూర్చున్నాడు, చేతిలో ఆ తడిగుడ్డ ఇంకా ఉంది.

పెట్టె ఆ రోజు నేర్చుకున్నదాన్ని ఇరవయ్యో తేదీ దాకా ఆగకుండా అప్పుడే అన్ని ఇళ్లకూ పంపాను. మరుసటి మధ్యాహ్నం రెండు వందల పన్నెండు ఇళ్లలో ఒక్కటీ ఆగలేదు. పెనుకొండ హోటలాయన ఫోన్ చేసి, ఏం మంత్రం వేసినారు మేడం అన్నాడు. ఒకటో పెట్టెను తుడవలేదు. వంటింట్లో లైటు ఇప్పటికీ పొద్దున్నే వెలుగుతోంది. యమున లేచి ఆ వెలుగులో పుస్తకం తెరుస్తుందని అన్న చెప్పాడు.

ఒక్కటి మాత్రం పోలేదు. ఏ ఇంట్లోనైనా ఇన్వర్టరు వేస్తే వెంటనే లేవదు. ఆరు సెకన్లు ఆగి లేస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు అది లోపమా అని అడుగుతుంటారు. ఖలీల్ సార్ కూడా మొదట సరిచేయమన్నారు. ఆ రోజు రికార్డు తెరిచి, పిడి కాస్త కదిలినా పెట్టె రాసుకుంటుంది కాబట్టి, అన్న దాని మీద చెయ్యి పెట్టినప్పటి నుంచి వేసినదాకా లెక్కపెట్టి చూపించాను. దాన్ని అలాగే ఉంచమన్నారు.

మనిషిని పేరు పెట్టి రెండుసార్లు పిలిచి, జవాబు కోసం ఆగడానికి ఆరు సెకన్లు పడుతుంది.